ఒక ఇంటి కోసం పుట్టాను

నా పేరు సుల్తాన్. తల్లి లాబ్రడార్, తండ్రి స్టాండర్డ్ పూడిల్. 1989లో ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో, చూపులేనివాళ్లకు దారి చూపే గైడ్ డాగ్‌లను తయారుచేసే సంస్థలో పుట్టాను. నేను కళ్లు తెరవకముందే నా కోసం ఒక ఇల్లు ఎదురుచూస్తోంది.

ఆ ఇల్లు హవాయిలో ఉంది. ఆ ఇంటి ఇల్లాలికి చూపు లేదు, గైడ్ డాగ్ కావాలి. భర్తకేమో కుక్కలంటే ఎలర్జీ. సంస్థలో కుక్కల పెంపకం చూసే వాలీ కాన్రన్ మొదట పూడిల్ అయితే సరిపోతుందనుకున్నారు. దాని ఉంగరాల జుట్టు పెద్దగా రాలదు. మూడేళ్లలో 33 పూడిల్స్‌ని పరీక్షించారు. గైడ్ పనికి ఒక్కటీ కుదరలేదు. చివరికి లాబ్రడార్ నిదానం, పూడిల్ జుట్టు ఒకే కుక్కకు వస్తాయేమోనని రెంటినీ కలిపారు. అలా మేం ముగ్గురం పుట్టాం.

మా వెంట్రుకలు, లాలాజలం హవాయికి పంపారు. ఆ భర్తకు పడింది నేనొక్కడినే. ఒకే తల్లి కడుపున ఒకే ఈతలో పుట్టినా మిగతా ఇద్దరూ పడలేదు. తర్వాత పది పిల్లలు పుట్టిన మరో ఈతలోనూ మూడే నెగ్గాయి.

కారణం చెబుతాను. మనుషులకు తుమ్ములు, ఆయాసం తెప్పించేది మా వెంట్రుక కాదు. మా లాలాజలంలో, చర్మం మీది పొట్టులో ఉండే ప్రోటీన్లు. మేం ఒళ్లు నాక్కుంటాం. ఆ లాలాజలం వెంట్రుకల మీద ఎండి, పొడిలా గాలిలో కలుస్తుంది. జుట్టు రాలకపోయినా లాలాజలం ఉండనే ఉంటుంది కదా! ఆ ప్రోటీన్లలో ఒకటి మగకుక్కల ప్రోస్టేట్ గ్రంథిలోనే తయారవుతుంది. అదొక్కటే పడనివాళ్లకు ఆడకుక్క హాయిగా సరిపోవచ్చు.

పడితే చాలదు, పని రావాలి. రోడ్డు అంచున ఆగడం, మెట్టు వస్తే నిలబడి తెలియజెయ్యడం నేర్చుకున్నాను. అన్నిటికన్నా కష్టమైనది మాట వినకపోవడం. “పద” అన్నా సరే, ఎదురుగా బండి వస్తుంటే నాలుగు కాళ్లూ నేలకు తన్నిపట్టి కదలకూడదు. ఆ మొండితనమే ఒక ప్రాణాన్ని కాపాడుతుంది.

మావంటి సంకర కుక్కపిల్లల్ని పెంచడానికి మొదట ఎవరూ ముందుకు రాలేదు. లాబ్రడూడుల్ అనే కొత్త గైడ్ డాగ్ వచ్చిందని పత్రికలకు చెప్పగానే జనం ఎగబడ్డారు. తుంటి కీళ్లు, కళ్లు పరీక్షించకుండా, ఎలర్జీ రాదని నమ్మబలికి అమ్మేవాళ్లు పుట్టుకొచ్చారు. అది చూసి కాన్రన్ గారు ఎంతో బాధపడ్డారు. నా కాలం తీరాక, 2012లో నెదర్లాండ్స్ పరిశోధకులు కొలిచి చూస్తే, ఎలర్జీ రాదని పేరుపడ్డ జాతుల వెంట్రుకల్లోనూ ఎలర్జీ తెప్పించే ఒక ముఖ్యమైన ప్రోటీన్ తక్కువేమీ లేదు.

ఆస్తమా ఉన్న బిడ్డకో, చూపులేని అమ్మకో కుక్కను తేవాలనుకుంటున్నారా? ముందు డాక్టరుతో పరీక్ష చేయించి ఏది పడదో తెలుసుకోండి. తీసుకోబోయే కుక్క దగ్గరే గంటల తరబడి కూర్చోండి. ఒక్కసారితో సరిపెట్టుకోక మళ్లీ మళ్లీ వెళ్లండి. దాని తల్లిదండ్రుల కీళ్ల, కళ్ల పరీక్షల కాగితాలు అడగండి. నన్ను ఆ ఇంటికి పంపింది నా జాతి పేరు కాదు, ఆ పరీక్ష. ఆ పని చెయ్యకుండా కుక్కను తెచ్చి, పడలేదని వదిలేస్తే మనిషికీ కష్టమే, నోరులేని మాకూ కష్టమే.