మా ముత్తాతకు తాత, జార్జి వాషింగ్టన్, నేను

షష్టిపూర్తికి లోకంలో ఎవరైనా మళ్ళీ పెళ్ళి చేసుకుని, బంధువులకు బట్టలు పెట్టి, రెండు రకాల స్వీట్లతో భోజనం పెట్టి ఊరుకుంటారు. నేను ఊరుకోలేదు. ఒక పూర్వీకుణ్ణి కూడా ఆవిష్కరించాను.

తప్పంతా మా తోడల్లుడిదని ఇప్పటికీ నా వాదన. ఆయనది న్యూజెర్సీ. సెలవులకు వచ్చినప్పుడు వాళ్ళ పక్కింటాయన గొప్ప మొదలెట్టాడు. ఆ దొర తాతల తాత ఎవరో ఇంగ్లండు రాజు మీద తిరగబడిన సైన్యంలో ఉన్నాడట. అలాంటి వాళ్ళ వారసులకు 1889లో పెట్టిన సంఘం ఉందట. తరం తరానికీ కాగితాలు చూపించి రుజువు చేస్తే గాని చేర్చుకోరట. చేరినవాళ్ళు పండగలకి కోటుకి పతకం తగిలించుకుంటారట. ఆ పతకం తన చొక్కాకే ఉన్నట్టు ఛాతీ విరుచుకుని మరీ చెప్పాడు. నాకు అన్నం సహించలేదు. అమెరికాలో ఇల్లుందంటే విన్నాం, రెండు కార్లున్నాయంటే విన్నాం. పక్కింటివాళ్ళ తాతల గొప్ప కూడా మనమే వినాలా?

అప్పుడు గుర్తొచ్చాడు మా ముత్తాతకు తాత. మా నాయనమ్మ చెప్పేది: "ఆయన కుంపిణీ పటాలంలో సిపాయిరా. హైదరు రోజుల్లో ఓడ కాడ పెద్ద గలాటా చేసొచ్చినాడు." గలాటా అంటే యుద్ధమే కదా? ఓడ దగ్గరంటే సముద్ర యుద్ధమే కదా? నా స్థానంలో మీరున్నా అలాగే అనుకునేవారు, ఒప్పుకోండి.

పుస్తకాలు తిరగేస్తే మతి పోయింది. 1778లో ఫ్రాన్సు అమెరికా వైపు చేరడంతో ఆ యుద్ధం సముద్రాలు దాటి మన గుమ్మంలోకి వచ్చేసింది. ఆ ఏడే ఇంగ్లీషువాళ్ళు పుదుచ్చేరిని పట్టుకున్నారు. 1780లో హైదరాలీ ఆర్కాటు సీమ మీద పడ్డాడు. 1783 జూన్‌లో కడలూరు దగ్గర నేల మీద కుంపిణీ సేనలూ ఫ్రెంచి సేనలూ, నీళ్ళ మీద ఇంగ్లీషు హ్యూస్ ఓడలూ ఫ్రెంచి సఫ్రెన్ ఓడలూ కొట్టుకున్నాయి. అమెరికా స్వాతంత్ర్య యుద్ధపు ఆఖరి పోరుగా చాలామంది చెప్పేది అదే. వర్జీనియాలో కాదండీ, మన కడలూరులో! ఇంకా విచిత్రం, ఫ్రాన్సుకీ ఇంగ్లండుకీ రాజీ సంతకాలు జనవరి 20నే అయిపోయాయి. ఆ కబురు ఓడెక్కి రావాలిగా. వచ్చేలోపు ఇక్కడ జనం ఉత్త పుణ్యానికి చచ్చారు.

ఇక రుజువు. చెన్నై ఎగ్మోరులో పాత రికార్డులు చూడబోయాను. తెల్ల అధికారులకు పేరూ హోదా అన్నీ ఉన్నాయి. సిపాయిలు మాత్రం ఉత్త అంకెలు: ఇంతమంది పోయారు, ఇంతమందికి గాయాలు. మరొకరైతే నిరాశపడి రైలెక్కేవారు. నేను ఆ అంకెల వంక ఆప్యాయంగా చూసి, వీటిలో ఒకటి మావాడు అని తీర్మానించేశాను. ఈ సాక్ష్యం కోర్టులో నిలబడదనుకోండి. వంశచరిత్ర దగ్గర ఇంతకంటే గట్టి సాక్ష్యం ఎవరింట్లో ఉందో చెప్పండి చూద్దాం.

వీరుడికి ఫోటో లేదు. ఫ్లెక్సీ కుర్రాడే ధైర్యం చెప్పాడు. "మీ ఫోటో ఇవ్వండి సార్, మీసాలు నేను పెడతాను." నా మొహానికి కోరమీసం, తలపాగా, ఎర్రకోటు తొడిగాడు. వెనక అమెరికా జెండా, పక్కన నా భుజం మీద చెయ్యి వేసిన వాషింగ్టన్. కింద వరసగా, పాస్‌పోర్టు సైజులో, చల్లద్దాలు పెట్టుకున్న మా బావమరుదులు, 'శుభాకాంక్షలతో'. విజయనగరంలో మేము తీసుకున్న కల్యాణమండపం గేటు కంటే ఫ్లెక్సీయే ఎత్తు. డాలరు నోటు చూసినవాళ్ళు కాబట్టి వాషింగ్టన్‌ని పోల్చుకున్నారు. నన్ను మాత్రం ఎవరో తమిళ సినిమా విలన్ అనుకున్నారట.

అక్కడితో ఆపినా సరిపోయేది. మైకు పట్టుకున్నాను. కడలూరు చెప్పాను, సఫ్రెన్‌ని చెప్పాను, చప్పట్లు. 1782లో పెన్సిల్వేనియావాళ్ళు తమ యుద్ధనౌకకి హైదరాలీ పేరు పెట్టుకుని, దానితో ఒక ఇంగ్లీషు ఓడని పట్టుకున్నారని చెప్పాను, ఇంకా చప్పట్లు. ఒళ్ళు తెలియలేదు. 1757లో బొబ్బిలి కోట మీద ఫిరంగులు పేల్చిన బుస్సీయే ముసలితనంలో కడలూరులో ఫ్రెంచి సేనాని, వాడి మీద మా తాత బొబ్బిలి కక్ష తీర్చుకున్నాడు అని గర్జించాను. చప్పట్లు లేవు. విజయనగరంలో నిలబడి, విజయనగరం రాజావారి సాయానికొచ్చిన బుస్సీని తిడుతున్నానన్న సంగతి ముందు వరసలో ఓ పెద్దాయన దగ్గిన దగ్గులో తెలిసింది. తేరుకునేలోపు మా తమ్ముడి మనవరాలు, పదో తరగతి, లేచింది. "తాతయ్యా, కుంపిణీ అంటే ఇంగ్లీషువాళ్ళే కదా? వాషింగ్టన్ ఇంగ్లీషువాళ్ళ మీదే కదా యుద్ధం చేశాడు?" అవునమ్మా అన్నాను. "మరి హైదరాలీ వాళ్ళకి ఇష్టమైతే, మనవాడు హైదరాలీ మీదకెందుకు వెళ్ళాడు?" నేను నీళ్ళు తాగాను. గ్లాసు ఖాళీ అయినా తాగుతూనే ఉన్నాను. అప్పుడు లేచారు మా వియ్యంకుడుగారు, చరిత్ర లెక్చరరుగా రిటైరైన మనిషి. "బావగారూ, ఓడ దగ్గర గలాటా అంటున్నారు, అది విశాఖపట్నంది కాదు గదా? 1780 అక్టోబరు 3న మద్రాసు వెళ్ళే ఓడ ఎక్కమంటే మన సర్కారు సిపాయిలు ఎక్కం పొమ్మని తెల్ల అధికారుల మీదే తుపాకులు పేల్చారు. సుబేదారు షేక్ మహమ్మద్ వాళ్ళ నాయకుడు."

మండపం మొత్తం ఒక్కసారి ఫ్లెక్సీ వైపు తిరిగింది.

అంటే మా తాత ఆ యుద్ధానికి వెళ్ళనే లేదు. వెళ్ళి ఉంటే వాషింగ్టన్‌కి శత్రువు, వెళ్ళలేదు కాబట్టి ఎవరికీ ఏమీ కాడు. తోడల్లుడు వీడియో తీస్తూనే ఉన్నాడు. భోజనాల దగ్గర, "అన్నయ్యా, పూర్ణాలు ఓడ దగ్గరే ఆగిపోయాయా, ఇటు రావా?" అని అడిగాడు కూడా.

ఆ రాత్రి నిద్రపట్టక లెక్కలు వేసుకున్నాను. ఆ గలాటాకి ముందు నెలలోనే పొల్లిలూరులో కుంపిణీవాళ్ళ బెయిలీ దళాన్ని హైదరు తుడిచిపెట్టేశాడు. ఆ కబురు విన్న సిపాయి ఓడ ఎక్కుతాడా? మనమైతే ఎక్కుతామా? ఎక్కి కడలూరులో పోయిన కుర్రాళ్ళకి మనవలు లేరు, షష్టిపూర్తులు లేవు. తెల్లవాడి ముఖం మీదే 'ఎక్కను' అన్నవాడి వంశం మాది. ఇది పరాక్రమం కాదా? ఇదంతా వియ్యంకుడుగారికి చెప్పాను. "కావచ్చు బావగారూ, కానీ ఆయన ఆ సిపాయిల్లో ఉన్నాడనడానికి మాత్రం కాగితమేదీ?" అన్నారు. ఈ చదువుకున్నవాళ్ళతో సంబంధం కలుపుకోకూడదు.

అయినా నేనేం కుంగిపోలేదు. మా ఆవిడ పుట్టిల్లు యానాం. 1954 దాకా ఫ్రెంచి జెండా ఎగిరిన ఊరు. ఫ్రెంచివాళ్ళు వాషింగ్టన్ పక్షం, పుదుచ్చేరిలో వాళ్ళకీ సిపాయిలుండేవారు. ఇందులో పదో తరగతి పిల్ల కూడా తప్పు పట్టలేదు. మామగారికి ఫోన్ చేసి, మీవాళ్ళలో పటాలంలో చేసినవాళ్ళెవరైనా ఉన్నారా అని మెల్లగా కదిపాను. "ఉండేవాడంటారు అల్లుడుగారూ, వంటశాలలో" అన్నారు. వంటశాలైనా పటాలం పటాలమే. ఈసారి నీలం కోటు వేయమని ఫ్లెక్సీ కుర్రాడికి చెప్పాను, మామగారి పాత ఫోటో ఒకటి పంపమన్నాను. మా ఆవిడకింకా తెలియదు.