కడ్డీ కోత పద్యము: టీకా తాత్పర్య సహితము

ఆ. గుంత పొడవులోన గురుతుగా కవరులు
రెండు వైపులందు రెండు తీసి
కాళ్ళు కలిపి వంపు గణియించి తగ్గించి
కోయవలయు కడ్డి కూర్మితోడ

అవతారిక: కొలత చూడకయే కోత మిషను పైకెత్తిన శిష్యుని వారించుచు మేస్త్రి ఇట్లనుచున్నాడు.

టీక: గుంత = తవ్విన గొయ్యి కాదు; లక్షణచే అందు పోయు పునాది దిమ్మె. పనివాడు దిగి మసలుటకు గొయ్యిని పెద్దదిగనే తవ్వుదురు. దానిని కొలిచినవాని కడ్డీ మట్టిలోనికి పోవును. కవరులు = కడ్డీకిని కాంక్రీటు అంచుకును నడిమి ఎడము. పునాదికిది 50 మి.మీ.కు తగ్గరాదని ఐఎస్ 456 అను స్మృతి (2000). కవరు బిళ్ళలకు మారుగా ఇటుక ముక్కలు పెట్టువారు పాఠాంతరము నాశ్రయించినవారు. వారి పాఠము తుప్పు పట్టును. కాళ్ళు = కొనలను పైకి మడచిన భాగములు. వంపు తగ్గించి = ఒక్కొక్క లంబపు వంపునకు కడ్డీ మందమునకు రెండింతలు తీసివేసి. ఏలన, బయటి కొలతలు కూడినచో మూల రెండుమార్లు లెక్కకు వచ్చును. ఊచ మాత్రము గుండ్రముగ తిరిగి దగ్గరిదారిన పోవును. కూర్మితోడ = పాదపూరణమని కొందరు. పొసగదు. కిలోల లెక్కన ఇనుము కొన్న యజమానిని అడుగుడు.

తాత్పర్యము: పునాది చదరము 1,500, మందము 300 మి.మీ., కడ్డీ 12 అనుకొనుడు. రెండు కవరులు పోగా 1,400. పైన క్రింద కవరు పోగా కాలు 200. కాళ్ళు రెండు గనుక మొత్తము 1,800. రెండు వంపులకు 48 తీయగా కోత పొడవు 1,752. ఎడము 150 చొప్పున ఒక్క దిక్కునకు 11 కడ్డీలు. ఖాళీలు పదియైనను ఊచలు పదకొండు. ఈ ఒకటి మరచువారు ప్రతి సైటునందును కలరు.

విశేషము: కవి చెప్పక విడిచినది తుంట. అంగడి కడ్డీ 12 మీటర్లు. అందు 1,752 చొప్పున ఆరు ముక్కలు రాగా 1,488 మిగులును. మేస్త్రి దీనిని పాత సామాను వానికీయడు. అదే ఇంట 1,200 చదరపు పునాది, అంతే మందముతో ఉన్నచో, దాని కోత పొడవు 1,452. తుంట సరిగ్గా అందులో దిగును; చివరకు రాలునది 36 మి.మీ. బొడిపె. కావున పెద్ద పునాదుల కడ్డీలు ముందు కోయించి, తుంటలను వేరుగా పేర్పించుట సంప్రదాయము.