ఒక చీటివాక్యమునకు టీక

మూలము: “ఇది విక్రయమునకు గాదు; అభిరుచి గలవారు విచారింపవచ్చును.”

అవతారిక: చేవెళ్ల మార్గమున, మొయినాబాదు చెంతనున్న యొక ఫామ్‌హౌసులో జరిగిన చిత్రప్రదర్శనమున, ప్రతి పటము క్రిందను ఈ వాక్యమే విరాజిల్లుచుండెను. కర్త చిత్రకారుడే.

ప్రతిపదార్థము: సుగమము గాన విడువబడినది.

వ్యాఖ్య: గహనమైనది నడుమనున్న సెమీకోలను. దానికి ముందు చిత్రకారుడు సన్న్యాసి, పిదప గృహస్థు. ఇంత శీఘ్రమైన ఆశ్రమపరివర్తనము ధర్మశాస్త్రములందు కానరాదు.

విశేషము: వెల చెప్పుటయందలి ఈ సంకోచమునకు పోతన్నను ప్రమాణముగా జూపుదురు. ఆయన భాగవతమును రాజుల కీయనొల్లక దైవమునకు సమర్పించెను. సమర్పించి, పిదప విచారింపుమని ఎవ్వరికిని కబురంపలేదు. పెద్దన మనుచరిత్రమును రాయల కంకితమిచ్చి, కోకటము మొదలగు అగ్రహారములను పుచ్చుకొని, ఆ సంగతిని దాచుకొననైన లేదు. ఇక శ్రీనాథుని మాట యెత్తితిమా, టీకాకారుని కలము ఆగదు: నైషధమును మామిడి సింగనామాత్యునకును, కాశీఖండమును వీరభద్రారెడ్డికిని ఇచ్చిన ఆ మహానుభావుడు హరవిలాసమును సుగంధద్రవ్యముల వర్తకుడగు అవచి తిప్పయసెట్టి కంకితము చేసెను. కర్పూరమును తూచి యమ్మువాని చేతికి శివకథ నిచ్చుటకు ఆయన వెనుదీయలేదు. ఆ సెట్టి వర్తకమును, ఓడలను, దానములను అవతారికలో వర్ణించుటకు సిగ్గుపడనులేదు. కవిత్వమునకు దానివలన కలిగిన మాలిన్యమేదో ఆరువందల యేండ్లుగా నెవ్వరికిని కనబడలేదు. పటములు వ్రాయు చేర్యాల నకాషీలును అంతియే: పటము జూపి కథ చెప్పు కాకిపడగలవారు కోరిన కథను పటమున వ్రాసియిచ్చి ప్రతిఫలము గొనిరి, అందుల కలిగి పటములోని దేవత లెవ్వరును దిగిపోలేదు.

పూర్వపక్షము: ఈ మొయినాబాదు మండలముననే చిలుకూరు బాలాజీకి హుండీ లేదు గదా యందురేని, నిజమే. స్వామికి కాన్వాసు కొను పనియు లేదు.

ప్రకృతము: ఏది యెక్కడ మరచితిమి? ఆ, వెల. కాన్వాసునకు, రంగులకు, చట్రమునకు, ఆటో ట్రాలీ బాడుగకు వెల చెప్పువా రెవ్వరికిని గొంతు పట్టుకొనదు; పట్టుకొనునది వ్రాసినవానికే. బయట చెప్పని వెలను లోపలిగదిలో చెప్పవలసివచ్చును. అచ్చట, గ్రానైటు పలకలకు అడిగినంత యిచ్చి వచ్చిన దొర, పటమునకు సగమే యిచ్చి, తక్కిన సగమునకు “మీకు పేరు వచ్చునండీ” యని చెల్లువేయును. పేరుమోసినవాడు దీనిని తట్టుకొనును. కళాశాల విడిచి నిన్న మొన్న వచ్చిన పిల్లవాడు, పెద్దవారి పటములైన ఎంత పలుకుచున్నవో తెలియక, అడుగుటకు సిగ్గుపడి, రంగుల ఖర్చునకే ఇచ్చి పోవును. పెద్దల వైరాగ్యమునకు సుంకము కట్టుచున్నది వాడు.

తాత్పర్యము: అయ్యా చిత్రకారులారా, అమ్మనిచో అమ్మకుడు, అమ్ముదురేని ఆ చీటిమీద వెలను అంకెలలో వ్రాయుడు.