మిరియం గింజంత

నేను ఎమ్మారై మిషన్ని. బలం ఒకటిన్నర టెస్లా. కడుపులో మైనస్ 269 డిగ్రీల హీలియం. ఎంత చల్లగా ఉన్నా నాకు పేరొచ్చింది మాత్రం చప్పుడుతోనే. కరెంటు మారినప్పుడల్లా నా తీగచుట్టలు అదిరి టకటకమంటాయి.

నిన్న ఒకమ్మాయి వచ్చింది. ముక్కు పక్కన, బుగ్గల మీద ఎర్రటి సన్న పొక్కులు. ట్యూబరస్ స్క్లీరోసిస్ అనే జన్యుజబ్బు ఉన్నవాళ్లకు ఉంటాయవి. మొటిమలనుకుని ఎన్ని క్రీములు రాశారో! అదే జబ్బు వల్ల రెండు కిడ్నీల్లోనూ యాంజియోమయోలైపోమాలు. కొవ్వు, కండ, రక్తనాళాలు కలగాపులగంగా పెరిగిన గడ్డలు. క్యాన్సర్ కాదు కనుక 'మంచి గడ్డే' అంటారు. నాకా మాట నచ్చదు. అందులోని నాళాల గోడలకు సాగే గుణం సరిగా ఉండదు, ఒత్తిడికి బుడగలా ఉబ్బుతాయి. అదే అన్యూరిజం. అది 5 మిల్లీమీటర్లు దాటితే పగిలే ప్రమాదం ఎక్కువని 2002లో జపాన్ వైద్యులు లెక్కగట్టారు. అంటే మిరియం గింజంత.

"రంగు ఇంజక్షన్ లేదా అన్నా?" టెక్నీషియన్‌ని అడిగింది.

"లేదు తల్లీ. మామూలుగా ఊపిరి తీసుకో, కదలకు."

ఆ పిల్ల కిడ్నీలు ముందే నీరసించాయి. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకు ఆ రంగులోని గాడోలినియం ఎక్కిస్తే చర్మం బిర్రబిగిసే జబ్బు రావచ్చని 2006 నుంచీ జాగ్రత్తపడుతున్నారు. పైగా ఏళ్ల తరబడి నా దగ్గరికి తిరగాల్సిన పిల్ల.

రంగు లేకుండా నెత్తురెలా కనిపిస్తుందంటారా? ముందు కిడ్నీలున్న మేరకంతా ఒక రేడియో దెబ్బ కొడతాను. కండ, గడ్డ, అక్కడున్న నెత్తురు, అన్నీ మసకబారతాయి. ఆపైన సెకను పైచిలుకు ఊరుకుంటాను. ఈలోగా దెబ్బ తినని కొత్త నెత్తురు మహాధమని మీదుగా, మడికి నీరు పెట్టినట్టు కిడ్నీలోకి పారుతుంది. కొవ్వు స్వరం నీటికంటే 220 హెర్ట్జ్ తక్కువ, బొమ్మకు సరిగ్గా ముందు దాన్ని విడిగా పట్టి నోరు మూయిస్తాను. అప్పుడు తీస్తాను బొమ్మ. చీకట్లో నాళాలు మాత్రమే తెల్లగా.

చిక్కల్లా అన్యూరిజంతోనే. గుంటలో నీరు సుడి తిరిగినట్టు అక్కడ నెత్తురు నిదానిస్తుంది. తొందరపడితే అది నిండకముందే బొమ్మ అయిపోతుంది. మరీ ఆగితే మసకబారినవన్నీ మళ్లీ తేరుకుంటాయి. నిన్న మొదటి బొమ్మలో ఎడమ కిడ్నీ గడ్డలో నాళం చివర చిన్న మరక, అంతే. టెక్నీషియన్ పెదవి విరిచి, ఆగే సమయం కాస్త పెంచి మళ్లీ నడిపాడు. ఈసారి తెల్లటి గుండ్రం.

బయట తల్లి కొంగు ముడి విప్పి కమ్మలు ఇచ్చింది. అద్దం లేకుండానే ఆ పిల్ల పెట్టుకుంటోంది. లోపల డాక్టరు ఆ గుండ్రానికి అటొకటి ఇటొకటి గుర్తులు పెట్టాడు. 7 మిల్లీమీటర్లు. నాళాన్ని లోపలినుంచే మూసేసే ఎంబోలైజేషన్ చేసే ఆయనకు ఫోన్ కలిపాడు.