చెత్త మనది, చోటు పక్కవాళ్లది

ఇంట్లో చెత్త పుట్టకుండా ఎవరూ ఆపలేరు. మన గడప దాటించేస్తే మాత్రం మన పని అయిపోయినట్టే. ఒళ్లు అలవకుండా దాటించే పద్ధతులివి. పట్నంలో ఫ్లాటుకైనా, ఊళ్లో పెంకుటింటికైనా పనికొస్తాయి.

1. అన్నీ కలిపేయండి. 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు తడి, పొడి, ప్రమాదకర చెత్తను వేరు చేసి ఇమ్మన్నాయి. అలాగైతే మూడు డబ్బాలు కొనాలి, కడగాలి, పెట్టే చోటు వెతకాలి. ఒక్క నల్ల కవరు చాలదూ? అడుగున నిన్నటి సాంబారన్నం, మధ్యలో పాత పేపర్లు, పైన పిల్లాడి డైపరు. ఎవరైనా అడిగితే "ఎలాగూ బండిలో అంతా కలిపేస్తారుగా" అనండి. బండికి రెండు అరలున్నాయిగా అని ఎదురడిగితే, స్టవ్ మీద పాలు పొంగుతున్నాయని లోపలికి వచ్చేయండి.

2. పగిలిన గ్లాసు, గడ్డం బ్లేడు, ఇన్సులిన్ సూది పేపర్లో చుట్టకండి. బీరకాయ తొక్కల్లోకి తోసేస్తే పైకి కనబడవు. బండి మీద వచ్చే అమ్మ కవరు విప్పి చేత్తోనే వేరు చేస్తుంది, ఆమెకు అలవాటే. మర్నాడు వేలికి గుడ్డ కట్టుకుని వస్తే "అయ్యో, ఏమైందమ్మా?" అని తప్పకుండా అడగండి. పలకరింపుకు ఖర్చేముంది!

3. పొద్దున్నే పాట వేసుకుంటూ బండి వస్తుంది. లేవకండి. రాత్రి అన్నాలయ్యాక కవరు పట్టుకుని, ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని వీధి చివరి ఖాళీ ప్లాటు దాకా నడవండి. మాట్లాడుతూనే చెయ్యి వదిలేయండి. మొదటి కవరు వేయడమే కష్టం. అది పడిందంటే తెల్లారేసరికి దానికి తోడు నాలుగొస్తాయి, ఆపైన కుక్కలొస్తాయి. మునిసిపాలిటీ వాళ్లు శుభ్రం చేసి, ముగ్గేసి, పూలకుండీ పెట్టినా బెదరకండి. కుండీ వెనక కవరుకు మంచి చాటు.

4. కాలువ దగ్గరుంటే అదృష్టం. విజయవాడ వాళ్లకు బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ ఊరి మధ్యలోనే పారుతున్నాయి. పూజ పూలు ప్లాస్టిక్ కవరుతో సహా వంతెన మీంచి వేసి దణ్ణం పెట్టుకోండి. దణ్ణం పెట్టేవాణ్ణి ఎవరూ తిట్టరు. హైదరాబాద్‌లో అయితే నాలా. వానాకాలం అది పూడి నీళ్లు మీ హాల్లోకి వస్తే సోఫా ఎక్కి వీడియో తీసి, అధికారులు నిద్రపోతున్నారని పెట్టండి.

5. బజారుకు సంచీ తీసుకెళ్లకండి. 120 మైక్రాన్లకన్నా పల్చటి క్యారీ బ్యాగులను 2022 డిసెంబరు 31 నుంచి దేశమంతా నిషేధించారు. అందుకే గట్టిగా కాకుండా మెల్లగా అడగాలి. పచ్చిమిర్చికొకటి, కొత్తిమీరకొకటి.

6. ఊళ్లో వాళ్లకు సదుపాయాలెక్కువ. పంచాయతీ ట్రాక్టరు కోసం కాచుకోకుండా పెరట్లో పెంటదిబ్బ మీద వేసేయండి. షాంపూ ప్యాకెట్లు, గుట్కా కవర్లు, అన్నీ. ఎండాకాలం ఎరువు తోలితే చేనంతా తళతళలాడుతుంది. మిగిలింది చీకటి పడ్డాక తగలబెట్టండి. ప్లాస్టిక్ పొగలో డయాక్సిన్ల లాంటి విషాలుంటాయని బడిపంతులు చెప్తే "దోమలకండీ" అనండి. పక్కింటి ముసలాయన దగ్గుతుంటే చుట్ట మానమని సలహా ఇవ్వండి.

అదీ బద్ధకమైతే అన్నం మిగిలిన కవరును ముడేసి గేటు బయట పెట్టండి. ఆవుకు ముడి విప్పడం రాదు కాబట్టి కవరుతో సహా మింగుతుంది. ఇంట్లో ఎంగిలీ మిగలదు, వీధిలో కవరూ మిగలదు, గోసేవ చేసిన పేరు కూడా. కొన్నాళ్లకు అది మేత ముట్టక, పొట్ట ఉబ్బి పడుకుంటే పశువుల డాక్టరు వస్తాడు. గడ్డి మంచిది కాదేమోనండీ అని మీరే ముందు అనేయండి.