తాళం వేసిన బడికి కొత్త బూట్లు

2020 అక్టోబరు 8న కృష్ణా జిల్లా పునాదిపాడులో జగనన్న విద్యా కానుక పథకం మొదలయ్యేనాటికి ఆంధ్రప్రదేశ్‌లో కరోనాకు మూసిన బడులకు తాళాలు ఊడలేదు. అవి తెరుచుకోవడం మొదలైంది నవంబరు 2న, అదీ ముందుగా పెద్ద తరగతులకు. అయితేనేం, 42 లక్షల పైచిలుకు పిల్లలకు, సుమారు 650 కోట్ల రూపాయల ఖర్చుతో, అంటే తలకు పదిహేను వందల చొప్పున, బడికి వెళ్ళడానికి కావలసిన సరంజామా అంతా సమకూరింది. మూడు జతల యూనిఫాం గుడ్డ, ఒక జత బూట్లు, రెండు జతల సాక్సులు, నడుముకు బెల్టు, వీపుకు సంచి. పుస్తకాలూ ఉన్నాయి లెండి, వాటిని మరచిపోలేదు. ఇక పిల్లవాడు బెల్టు బిగించి, బూట్లు తొడుక్కుని, సంచి తగిలించుకుని, వసారాలోంచి వంటింటి దాకా దర్జాగా నడిచి వెళ్ళొచ్చు. పంపిణీలో అక్రమాలు జరగకుండా తల్లి చేత వేలిముద్ర కూడా వేయించుకున్నారు. పిల్లవాడికి చదువు సామగ్రి అందిందనడానికి తల్లి వేలిముద్రే రుజువు. ఇంతకంటే పకడ్బందీ లెక్క ఏ ఆడిట్‌కు మాత్రం దొరుకుతుంది?

కాళ్ళకు చెప్పుల్లేని పిల్లలకు బూట్లిస్తే మీకెందుకు ఏడుపు అని అడిగేవారు ఉంటారు. న్యాయమైన ప్రశ్నే. బూట్ల మీద నాకు కోపం లేదు. కూలికి పోయే తల్లికి జూన్ నెల ఖర్చు తగ్గించే ఏ సాయమైనా మంచిదే. అసలు ఆ కిట్టు కరోనా కోసం తయారైంది కాదు, మామూలు ఏడాదికని అనుకున్నది, బడులు తెరవడం వాయిదా పడేకొద్దీ అదీ వాయిదా పడుతూ వచ్చింది. కాబట్టి తప్పు కిట్టులో లేదు. కిట్టు చేరింది కనుక చదువు చేరింది అని చెప్పుకునే లెక్కలో ఉంది. ఆ ఏడాది సెప్టెంబరులో జరిగిన, పల్లె పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే ప్రకారం మన రాష్ట్రంలో తమ తరగతి పాఠ్యపుస్తకాలు చేతిలో ఉన్న పిల్లలు మూడో వంతుకు కాస్త ఎక్కువ మంది మాత్రమే. బెంగాల్లో, అస్సాంలో దాదాపు అందరికీ ఉన్నాయి. మనవాళ్ళ పుస్తకాలు మాత్రం బెల్టుతో, సాక్సులతో కలిసి ఊరేగింపుగా రావాలని సభ జరిగేదాకా ఆగాయి కాబోలు. వేసవి సెలవుల తర్వాత నాలుగు నెలలు ఇంట్లో కూర్చున్న పిల్లవాడికి అక్కరకొచ్చే వస్తువు ఆ మూటలో ఏదైనా ఉంటే అది పుస్తకమే. విడిగా పంపితే ఫొటోలో చిన్నగా కనిపిస్తుంది, అదే దాని దురదృష్టం.

ఈ లోపల చదువు ఆగలేదని మరో వాదన. నిజమే, దూరదర్శన్ సప్తగిరిలో విద్యా వారధి పాఠాలు వచ్చాయి. విద్యాశాఖ పిల్లల్ని మూడు జాతులుగా విడదీసింది కూడా: ఇంటర్నెట్ ఉంటే హైటెక్, టీవీయో రేడియోయో ఉంటే లోటెక్, ఏదీ లేకపోతే నోటెక్. నల్లమల అంచున పెద్దదోర్నాల కూడలిలో నిలబడితే ఈ వర్గీకరణ శాస్త్రం కళ్ళకు కడుతుంది. మార్కాపురం వైపు చూస్తే హైటెక్, శ్రీశైలం ఘాట్ ఎక్కి తుమ్మలబైలు వైపో, అడవిలోకి చింతల వైపో వెళితే చెంచు గూడేల్లో నోటెక్. రోగం పేరు కచ్చితంగా రాసి మందు చీటీ ఖాళీగా ఇచ్చిన వైద్యం ఇది. నోటెక్ పిల్లవాడి దగ్గరికి మనిషి వెళ్ళాలి. వేరే దారి లేదు. పక్కనే ఉన్న మార్కాపురం ఒకప్పుడు దేశం నలుమూలలకూ రాతి పలకలు పంపిన ఊరు. ఇంటికిచ్చే చదువు కిట్టు అంటే అప్పట్లో అదే, ఓ పలకా ఓ బలపమూ. అయినా పలక ఇచ్చేస్తే అక్షరాలు వాటంతట అవే వస్తాయని ఆ పలక గనుల యజమానులు కూడా ప్రచారం చేసుకోలేదు.

మహమ్మారి వేళ మనుషుల్ని ఇంటింటికీ తిప్పమంటారా అని గద్దించవచ్చు. తిప్పారు కదా! అప్పట్లో యాభై ఇళ్ళకొక వాలంటీరు ఉండిన రాష్ట్రం మనది. ఒకటో తారీఖు తెల్లవారకముందే పింఛను తలుపు తట్టింది. జ్వరాల సర్వే ఇంటింటికీ పలుమార్లు జరిగింది. మధ్యాహ్న భోజనం బదులు బియ్యం, గుడ్లు, చిక్కీ పిల్లల ఇళ్ళకు వెళ్ళాయి. చిక్కీ వెళ్ళిన దారిన వారానికో వర్క్‌షీటు వెళ్ళి ఉండకూడదా? మళ్ళీ వారం గుడ్లు తెచ్చిన చేతులతోనే పిల్లవాడు రాసిన కాగితం పంతులుగారికి చేరేది, ఆయన తప్పులు దిద్ది పంపేవారు. చాలామంది టీచర్లు పైనుంచి ఉత్తర్వు లేకుండానే అరుగుల మీద కూర్చోబెట్టి చెప్పారు, వారికి దండం. కానీ వ్యవస్థ అడిగిన లెక్క ఎన్ని సంచులు, ఏ సైజు బూట్లు అన్నదే. రాసిన పేజీలు వెనక్కి ఎన్ని వచ్చాయన్న గడి ఏ పట్టికలోనూ ముఖ్యం కాలేదు. ఇచ్చినదాన్ని లెక్కపెట్టడం తేలిక, నేర్చినదాన్ని లెక్కపెట్టాలంటే పిల్లవాడి ఎదుట కూర్చోవాలి.

కూర్చున్న అసర్ వాళ్ళు 2022లో చూసింది ఇది: రాష్ట్రంలో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 2018లో 59.7 శాతం, 2022కు 36.3 శాతం. దేశమంతటా చదువు దెబ్బతిన్నది కనుక ఈ పతనాన్ని ఒక్క సంచి మీదికి నెట్టడం అన్యాయం. కానీ ఇంత ఘనంగా ఇచ్చిన సంచి ఈ పతనాన్ని ఆపలేదన్నది కూడా అంతే నిజం. ఆ అంకెకు మన సమాధానం ఏమిటి? అదే ఏడాది డిసెంబరులో ఎనిమిదో తరగతి వారికి బైజూస్ పాఠాలు నింపిన ట్యాబులు. తర్వాత ప్రభుత్వం మారింది, కిట్టు పేరు సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర అయింది. బెల్టు మాత్రం పార్టీ మారలేదు, కిట్టులోనే ఉంది. వచ్చే జూన్‌లో దోర్నాల బడిలో మీ పిల్లల కిట్టు కోసం సంతకమో వేలిముద్రో వేసేటప్పుడు, అమ్మలారా, ఎదుటి అధికారిని ఒక్క మాట అడగండి: పిల్లవాడు రాసిన పుస్తకం చూడటానికి మీరు మళ్ళీ ఏ రోజు వస్తారు? ఆ తేదీ చెప్పాకే వేలు పెట్టండి.