పొడి తుడిచేశాక ఇంకేం తెలుస్తుంది?

మా రోజుల్లో లోహం సత్తా తేల్చేది రాళ్లు నలిపే క్రషరే. ఫౌండ్రీలో మేం పోసింది మాంగనీసు ఉక్కు, 1882లో రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ కనిపెట్టిన పాత సరుకే. మాంగనీసు 12 శాతం, కర్బనం ఒక శాతానికి కాస్త పైన, మిగతాదంతా ఇనుమే. వెయ్యి డిగ్రీలు దాటేదాకా కాచి నీళ్లలో ముంచితే క్రషర్ దవడకు బిగించే జా ప్లేటు తయారు. గట్టిదనం కొలిస్తే 200 బ్రినెల్, అంతే. అయస్కాంతం అంటుకోకూడదు, గట్టిగా అంటుకుందంటే ఏదో తేడా చేసిందని మేస్త్రీ పక్కన పెట్టించేవాడు. రాళ్ల దెబ్బలు తినేకొద్దీ దాని పైపొర 500 దాకా గట్టిపడేది. అదే ప్లేటును దెబ్బ తగలకుండా ఇసుక జారే చోట బిగిస్తే మాత్రం చకచకా అరిగిపోయేది. కూర్పు తెలిస్తే చాలదు, అది చేయబోయే పనీ తెలియాలన్నది ఫౌండ్రీలో కొత్తగా చేరినవాడికి కూడా తెలుసు.

ఇప్పుడు ల్యాబుల్లో ఎక్కడ చూసినా హై ఎంట్రోపీ మిశ్రమ లోహాలే. 2004లో తైవాన్‌లో జియెన్ వే యే, ఇంగ్లండ్‌లో బ్రయన్ కాంటర్ ఎవరికి వారుగా వీటిని బయటపెట్టారు. ఏ ఒక్క లోహానికీ పెద్దరికం ఇవ్వకుండా ఐదారింటిని ఇంచుమించు సమపాళ్లలో కలుపుతారు. విద్య గొప్పదే, కాదనను. ఐఐటీ మద్రాసులో పాఠాలు చెప్పి ఐఐటీ హైదరాబాద్‌కు డైరెక్టర్‌గా వచ్చిన బి.ఎస్. మూర్తి గారు ఆ యే గారితో, రంగనాథన్ గారితో కలిసి దీనిమీద పుస్తకమే రాశారు.

నా బాధల్లా కుర్రాళ్ల తొందర గురించే. ఆర్గాన్‌లో చిన్న లోహపు బటన్ కరిగిస్తారు, వికర్స్ గట్టిదనం కొలుస్తారు, అంకె పెద్దదిగా వస్తే చాలు, అరుగుదలకు తట్టుకుంటుందని రాసేస్తారు.

కోబాల్టు, క్రోమియం, రాగి, ఇనుము, నికెల్ తలో పాలు కలిపిన మిశ్రమం 133 వికర్స్. దానికి అల్యూమినియం మూడు పాళ్లు చేరిస్తే 655. పరమాణువుల మెత్తటి ఎఫ్‌సీసీ అమరిక పోయి గట్టి బీసీసీ వస్తుంది. అరుగుదలా తగ్గుతుంది, నిజమే. ఎందుకు తగ్గిందో తెలియాలంటే రాలిన పొడిని చూడాలి. అల్యూమినియం తక్కువగా ఉన్నప్పుడు లోహం పొరలు పొరలుగా, రేకుల్లా ఊడొస్తుంది. రెండు పాళ్లకు చేరాక రాలేది సన్నటి పొడి, అందులో ఆక్సిజన్ దండిగా ఉంటుంది. గట్టిదనంతో పాటు రాపిడికి పుట్టిన ఆక్సైడ్ కూడా అక్కడ లోహానికి కాపు కాసింది.

2011లో తైవాన్ వాళ్లే అందులోంచి రాగి తీసేసి, టైటానియం వేసి, కోబాల్టు, నికెల్ ఒకటిన్నర పాళ్లకు పెంచి చూశారు. దాదాపు అంతే గట్టిదనం ఉన్న బేరింగ్ ఉక్కు, హైస్పీడ్ ఉక్కుల కంటే ఆ మిశ్రమం అరుగుదలకు కనీసం రెండింతలు మెరుగ్గా నిలిచింది. కారణం, రాపిడి వేడికి మెత్తబడకపోవడం, ఆక్సీకరణకు లొంగకపోవడం. ఒకచోట ఆక్సైడ్ కాపాడితే ఇంకోచోట ఆక్సీకరణను ఆపడమే కాపాడింది! ఈ తేడా వికర్స్ అంకెలో ఎక్కడ కనిపిస్తుంది?

మొన్నో కుర్రాడు థీసిస్ పట్టుకొచ్చాడు. అల్యూమినియం పెంచిన ప్రతిసారీ గట్టిదనం ఎంత పెరిగిందో గ్రాఫులు చక్కగా గీశాడు. అరుగుదల టెస్టులో లోడ్ ఎంత, వేగం ఎంత, లోహాన్ని రుద్దిన డిస్కు ఏ ఉక్కు అని అడిగితే కాగితాలు తిరగేశాడు. పొడి ఏదిరా అంటే, "ప్రతి టెస్టుకీ డిస్కు శుభ్రం చేయాలి కదా సార్, తుడిచేశాం" అన్నాడు. మళ్లీ టెస్టు పెట్టి ఈసారి పొడి పొట్లం కట్టి తెమ్మన్నాను.